ముప్పై తొమ్మిది గుంటలు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు బండి మీద వెళ్తుంటే దారి పొడవునా వెంచర్ల బోర్డులే. 150 గజాలు, 200 గజాలు, 267 గజాలు. నా కన్ను మాత్రం ఎప్పుడూ 167 దగ్గరే ఆగుతుంది. ఇదేం లెక్క అని మొదట్లో అనుకునేవాణ్ణి. ముప్పై అడుగుల వెడల్పు, యాభై అడుగుల పొడవు ఉన్న ప్లాటు 1500 చదరపు అడుగులు. గజానికి తొమ్మిది చదరపు అడుగులు కాబట్టి 166 గజాల పైన ఇంకో రెండు వంతులు వస్తుంది. దాన్ని 167 చేసి రాస్తారు.

బండి ఆగిన చోటల్లా ఎదురుగా కనపడ్డ అంకెను భాగించి చూడటం నా పాత అలవాటు. 167 బేసి సంఖ్య, రెండుతో పోదు. అంకెలు కలిపితే 14, కాబట్టి మూడుతోనూ పోదు. చివర సున్నా, అయిదు లేవు. ఏడు ఇరవైమూళ్లు 161, ఆరు మిగిలింది. పదకొండు పదిహేన్లు 165, రెండు మిగిలింది. ఇక ఆపేయొచ్చు, ఎందుకంటే పదమూడు పదమూళ్లు 169, అప్పుడే 167ని దాటేసింది. పెద్ద కారణాంకం ఒకటి ఉందంటే దానికి జోడీగా చిన్నదీ ఉండాలి. ఆ చిన్నది ఈపాటికే దొరికి ఉండేది. అంటే 167 ప్రధాన సంఖ్య.

ఈ పిచ్చి నాకు ఆరో తరగతిలో పట్టుకుంది. ఆ పరీక్షలు అయిపోయిన వేసవి, 2004లో, మా ఇంట్లో భూమి పంపకాలు జరిగాయి. శామీర్‌పేట చెరువు అవతల తాతకు ముప్పై తొమ్మిది గుంటల చెలక ఉండేది. పెద్దనాయిన, నాన్న, చిన్నాయిన చాప మీద కూర్చున్నారు. ముగ్గురికీ చెల్లెలైన మా మేనత్త మేడ్చల్ నుంచి వచ్చి గడప దగ్గర కూర్చుంది.

"నాకు గూడ ఇంత ఇయ్యున్రి అన్నా" అంది.

"ముప్పై తొమ్మిది మూడు పాళ్లకు పోతది చెల్లె, తలా పదమూడు. నాలుగు పాళ్లకు యాడ పోతది?" అన్నాడు పెద్దనాయిన.

నేను ఊరుకోలేదు. "అవునత్తా, 39కి కారణాంకాలు 1, 3, 13, 39. అంతే. నాలుగు లేదు" అని గట్టిగా చెప్పాను. అందరూ నవ్వారు. పెద్దనాయిన నా వీపు తట్టాడు. అత్త నావైపు చూసి, "గట్లనా బిడ్డా" అంది. కాసేపటికి వేలిముద్ర వేసింది.

నేను చెప్పిన దాంట్లో తప్పు లేదు. ఇప్పుడు ఎన్నిసార్లు చూసినా లేదు. కానీ కారణాంకాల లెక్క పూర్ణ సంఖ్యలది, భూమిది కాదు. గుంట అనేది మనం పెట్టుకున్న కొలత. గుంటకు 121 గజాలు, అంటే పదకొండు పదకొండ్లు. నలభై గుంటలైతే ఎకరం, 4840 గజాలు. మా చెలక 4719 గజాలు. దాన్ని నాలుగు పాళ్లు చేస్తే తలా 1179 గజాలు, అంటే తొమ్మిది గుంటల తొంభై గజాలు. మిగిలేది మూడే మూడు గజాలు. మావాళ్లకు అడ్డొచ్చింది ఆ మూడు గజాలు కాదు. అత్తకు వాటా ఇస్తే ఒక్కొక్కరికీ మూడుంబావు గుంటలు తగ్గుతాయి. ఆ మాట పైకి అనలేక సంఖ్య మీదికి నెట్టారు. నేను దానికి సాక్ష్యం చెప్పాను.

అంతకు రెండేళ్ల ముందే, 2002లో, ఎంత పెద్ద సంఖ్య అయినా ప్రధానమా కాదా అని సందేహం లేకుండా, సమర్థంగా తేల్చే పద్ధతిని ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. గొప్ప పని. అయినా ఎవరికి పంచాలో చెప్పే పరీక్ష గణితంలో లేదు. అది చట్టంలో రావాల్సి వచ్చింది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చారు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం అది ముట్టుకోలేదు. మాది అందులో ఒకటి.

ఇప్పుడా చెలకలో వెంచర్ ఉంది. మొన్న మేడ్చల్ వెళ్లినప్పుడు అత్తకు ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. చివరిదాకా విన్నది.

"మూడు గజాలు మిగుల్తుండెనా? గవన్న ఇస్తే మంచమేసుకుంటుంటి గదరా" అని నవ్వింది.

మూడు గజాలంటే 27 చదరపు అడుగులు. నులక మంచం పడుతుంది.