అమ్ముగూడ కుర్రవాడు

సికిందరాబాదును పాతకాపులు ఇప్పటికీ లష్కర్ అనే అంటారు. లష్కర్ అంటే దండు. ఇంగ్లీషువాళ్ళ సైన్యం విడిసిన చోటు కనుక ఆ పేరు. 1806లో మూడవ నిజాము సికిందర్ జా పేరు పెట్టారు కనుక సికిందరాబాదు. హుస్సేన్‌సాగరుకు అవతల నవాబుల నగరం, ఇవతల దొరల దండు. నడుమ టాంక్‌బండ్ ఇద్దరినీ కలిపేది.

గడియారస్తంభం, మోండా మార్కెట్టు, ఉజ్జయినీ మహంకాళి గుడి, ఇవన్నీ ఊరు చూడవచ్చినవాళ్ళు ఎలాగూ చూస్తారు. వాటి జోలికి నేను పోను. లష్కర్‌కు అసలు అందం మైదానాలు. దండు ఉన్నచోట కవాతుకు మైదానం తప్పదు. మైదానం ఉన్నచోట సాయంకాలం సోల్జర్లు బంతి తన్నకా తప్పదు. వాళ్ళు ఆడుతూ ఉంటే సిపాయిల పిల్లలూ, బట్లర్ల పిల్లలూ గట్టున నిలబడి చూసి, గీత దాటి వచ్చిన బంతిని ఉత్తకాళ్ళతో తిరిగి తన్ని, అలా అలా ఆట నేర్చారు. తెలుగు, తమిళం, ఉర్దూ, ఆంగ్లో ఇండియన్ల ఇంగ్లీషు, నాలుగు భాషల్లోనూ తిట్టుకుంటూ ఒకే జట్టుగా ఆడే విద్య ఈ ఊరి సొత్తు.

ఈమధ్య మా మేనల్లుడు టెక్సాస్ నుంచి సెలవుకు వచ్చాడు. అతనికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అయితే ఆ ఫుట్‌బాల్ వేరు. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకు పరుగెత్తే ఆట. పేరులో ఫుట్ ఉన్నా కాలితో పని తక్కువ. ఒక సాయంత్రం అతన్ని వెంటబెట్టుకుని పెరేడ్ గ్రౌండ్స్ వైపు పోయాను. ఎటు చూసినా క్రికెట్టే. ఒక జట్టు ఫీల్డరు ఇంకో జట్టు వికెట్ల వెనక నిలబడి ఉన్నాడు. ఆ గందరగోళంలోనే ఒక మూల పదిహేనుమంది కుర్రాళ్ళు చెప్పుల జతలను గోలుగా పెట్టుకుని బంతి తన్నుతున్నారు. గట్టున ఒక ముసలాయన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడట. నలభై ఏళ్ళుగా పిల్లలకు జీతం బత్తెం లేకుండా ఆట నేర్పుతున్నాడని తరువాత తెలిసింది. ఆయన పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దమనిషి చేతులు నులుముకుంటూ నిలబడి ఉన్నాడు.

విషయం ఏమిటంటే, ఆ పెద్దమనిషి కొడుకు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. బెంగుళూరులో ఒక క్లబ్బువాళ్ళు పరీక్షకు రమ్మన్నారు. నెగ్గితే జీతం ఇచ్చి ఆడిస్తారు. కాని ఆ తేదీలూ కాలేజీ పరీక్షల తేదీలూ ఒకటే అయి కూర్చున్నాయి. పిల్లవాడు ఏది వదులుకోవాలి? అది తేల్చుకోలేక ముసలాయన దగ్గరకు వచ్చాడు.

“మాస్టారూ, మావాడు తయారైనాడంటారా? ఒక్క మాట చెప్పండి, పంపించేస్తాను.”

“ఒక్క మాటతోని అయ్యే పని గాదు సార్. గంట కూసోండి, చూద్దాం,” అన్నాడాయన.

మేమూ కూర్చున్నాం. మా మేనల్లుడు ఊరుకోలేక అక్కడి పద్ధతి చెప్పుకొచ్చాడు. వాళ్ళ ఆటలో క్వార్టర్ బ్యాక్ అని ఒకడు ఉంటాడు. బంతి మొదట వాడి చేతికే వస్తుంది. ఎదుటి పక్షంవాళ్ళు మీదపడేలోగా, రెండు మూడు సెకన్లలో, ఎవరికి విసరాలో వాడే తేల్చాలి. పెళ్ళిలో పురోహితుడిలాగ, వాడు తడబడితే అంతా తడబడుతుంది. కాలేజీల్లో ఆడే ఇలాంటి కుర్రాళ్ళను ఏటా 32 జట్లు ఏడు విడతలుగా వంతులవారీగా ఏరుకుంటాయి. దాన్ని డ్రాఫ్టు అంటారు. అంతకుముందు ఇండియానాపొలిస్‌లో అందరినీ ఒకచోట చేర్చి ఎత్తు, బరువు, అరచేతి వెడల్పు కొలుస్తారు. 40 గజాలు పరుగెత్తించి గడియారం పట్టి చూస్తారు. ఎదురు కూర్చోబెట్టుకుని ప్రశ్నలు వేస్తారు.

“మన పెళ్ళిచూపుల కన్న నయమే,” అన్నాను. “ఇంత కొలిచాక పొరపాటు ఉండదు కాబోలు?”

“అదే తమాషా మామయ్యా. 2000లో టామ్ బ్రాడీ ఆ పరుగు 5.28 సెకన్లలో పరుగెత్తాడు. క్వార్టర్ బ్యాకులకు కూడా అది నత్తనడకే. 198 మందిని ఏరుకున్నాక 199వ వాడుగా తీసుకున్నారు. తరువాత ఏడుసార్లు సూపర్ బౌల్ గెలిచాడు. 2007లో అందరికన్న ముందు జమార్కస్ రసెల్‌ను తీసుకున్నారు. మూడు సీజన్లతో అతని ఆట ముగిసిపోయింది.”

ముసలాయనకు ఈ మాటలు అన్నీ అర్థమైనాయో లేదో గాని, కొలతల సంగతికి నవ్వాడు. “మెడ గొలిచినరా?” అని అడిగాడు.

మెడ ఏమిటని మేము తెల్లబోయాం. ఆయన మైదానం వైపు వేలు చూపించాడు. పెద్దమనిషి కొడుకు నడుమ ఆడుతున్నాడు. కుర్రవాడు చూడముచ్చటగా ఉన్నాడు. వేగం ఉంది, బంతి కాలికి అంటుకుపోయినట్టు వస్తుంది, ఇద్దర్ని తప్పించుకుని పోతూ ఉంటే గట్టుమీదివాళ్ళు ఈలలు వేశారు. “బంతి వచ్చేటప్పుడు మావాడు ఎక్కడ చూస్తుండు?” అన్నాడు ముసలాయన. చూశాం. బంతినే చూస్తున్నాడు. అది కాలికి తగిలిన తరువాత తల ఎత్తి, అప్పుడు ఎవరున్నారా అని వెతుకుతున్నాడు. ఆ కొద్ది క్షణాల్లో దారి మూసుకుపోతున్నది.

“బంతి రాకముందే మెడ తిప్పి చూసి పెట్టుకోవాలె. ఈడ పిల్లలతోని ఆడేటప్పుడు నడుస్తది. పెద్ద జట్టుల మీదికొస్తరు, కాళ్ళు ఇరగ్గొడ్తరు.” మా మేనల్లుడు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. క్వార్టర్ బ్యాకును పరీక్షించేవాళ్ళు చివరకు చూసేదీ అదేనట, కళ్ళు ముందుగా ఎక్కడికి పోతున్నాయన్నది. బంతులు వేరైనా మెడ ఒకటే అన్నమాట.

ఆయన ఇంకా మూడు సంగతులు చూశాడు. కుర్రవాడు ఎడమకాలితో ఒక్కసారి కూడా బంతి ఇవ్వలేదు. బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. చివరి పది నిమిషాల్లో మాత్రం, అందరూ రొప్పుతున్న వేళ, వాడొక్కడే ఇంకా బంతి నాకివ్వమని అరుస్తున్నాడు. మొదటి రెండూ చెప్పేటప్పుడు ఆయన ముఖం చిట్లించాడు. మూడవది చెప్పేటప్పుడు మాత్రం ముఖం విప్పారింది. “ఇది నేర్పితే వచ్చేది గాదు సార్. ఆ రెండు నేర్పొచ్చు.”

ఎడమకాలి సంగతి వచ్చేసరికి రహీం పేరు రాక తప్పలేదు. హైదరాబాదులో ఫుట్‌బాల్ గురించి ఎవరు మాట్లాడినా రెండవ మాట సయ్యద్ అబ్దుల్ రహీమే. స్వతహాగా బడిపంతులు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టును చేతిలోకి తీసుకున్నాడు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు ఆ జట్టు రోవర్స్ కప్పు ఎవరికీ దక్కనివ్వలేదు. భారత జట్టుకు కూడా ఆయనే గురువు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు ఆయన తర్ఫీదువే. వాటంలేని కాలితోనే ఆడాలి అని ఒక పోటీ, బంతిని వెంట తీసుకుపోకూడదు, వెంటనే ఇచ్చేయాలి అని ఇంకొక పోటీ పెట్టేవాడు. లోపం ఎక్కడుందో అక్కడే ఆట పెట్టడం అన్నమాట. పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది!

మరునాడు మేము అమ్ముగూడ వెళ్ళాం. లష్కర్ స్టేషను నుంచి బొలారం వైపు పోయే లైనులో మల్కాజిగిరి, సఫిల్‌గూడ దాటాక వచ్చే చిన్న స్టేషను. చుట్టూ కంటోన్మెంటు గోడలు, వేపచెట్లు, కాపలా సిపాయిలు. తులసీదాస్ బలరాం 1936లో ఇక్కడ ఒక బీద తమిళ కుటుంబంలో పుట్టాడు. బూట్లు కొనే స్తోమతు లేక, పోలీసులు పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవాడి చేత ఆటబూట్లుగా మార్పించుకున్నానని పెద్దయ్యాక ఆయనే చెప్పుకునేవాడు.

ఇరవై ఏళ్ళయినా నిండకముందు ఈ కుర్రవాడి ఆట రహీం కంట పడింది. సంతోష్ ట్రోఫీకి హైదరాబాదు జట్టును ఎంపిక చేసే శిక్షణకు రమ్మన్నాడు. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. బలరాం మాత్రం రాలేనన్నాడు. కారణం, రోజూ హైదరాబాదు పోయిరావడానికి చేతిలో డబ్బు లేదు. రహీం కిరాయి సైకిలుకు డబ్బు ఏర్పాటు చేశాడు. ఇక్కడే నాకు రహీం గొప్పతనం కనిపిస్తుంది. ఆట చూసి తీర్పు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. రానన్న కుర్రవాణ్ణి ఎందుకు రావు అని అడిగి, జవాబు విని, సైకిలు కిరాయి ఇచ్చేవాళ్ళు ఎందరు? అరచేయి కొలిచే యంత్రాల్లో ఈ లెక్క ఎక్కడా లేదు.

ఆ సైకిలు ఎంత దూరం పోయిందో చూడండి. హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1956 చివర మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచిన భారత జట్టులో బలరాం ఉన్నాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ వాళ్ళు పిలిచారు. 1960లో రోమ్ ఒలింపిక్సులో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. 1962లో జకార్తా బంగారం, అర్జున అవార్డు. 1963లో ఊపిరితిత్తుల జబ్బుతో ఆట ఆగిపోయింది. అప్పటికి వయసు ఇరవై ఏడు దాటలేదు. ఆ ఏడే జూన్‌లో రహీం కూడా కన్నుమూశాడు. బలరాం బెంగాలులోనే ఉండిపోయి, 2023 ఫిబ్రవరి 16న అక్కడే పోయాడు.

స్టేషను దగ్గర టీకొట్టు అతన్ని బలరాం గురించి అడిగితే, ఏ బలరాం, మిలిటరీలో చేసినాయనా అన్నాడు. మేము ఏమీ అనలేదు. టీ మటుకు బాగుంది.

అన్నట్టు, ఆ కాలేజీ కుర్రవాడి సంగతి. ముసలాయన తండ్రితో ఇలా అన్నాడు: “పరీక్షలు రాయనీయండి. ఏడాది నా దగ్గర పంపండి, పొద్దున ఐదింటికి. ఎడమకాలు, మెడ నేను జూసుకుంట. ఆ క్లబ్బుల నాకు తెలిసినాయన ఉన్నడు, ఇయ్యాల్నే ఫోన్ జేసి వచ్చే ఏడు సంగతి అడుగుత. వాండ్లు కాదంటే ఇంకో క్లబ్బుకు నేనే తోల్కపోత.” తండ్రి కాసేపు ఆలోచించి, ఇల్లు ఉప్పల్ అవతల కదా, ఐదింటికి బస్సు ఉండదేమో అన్నాడు. ముసలాయన నొచ్చుకోలేదు. సైకిలు ఉందా అని అడిగాడు.

అమ్ముగూడ స్టేషను బయట మా మేనల్లుడు ఫోను తీసి హైదరాబాదు ఫతే మైదాన్‌కు దూరం ఎంతో చూశాడు. కాస్త అటూ ఇటూగా పది మైళ్ళు. సైకిలు మీద గంట పైచిలుకు. నడుమ లాల్‌బజారు, తిరుమలగిరి, పెరేడ్ గ్రౌండ్స్, టాంక్‌బండ్. సాయంత్రం మళ్ళీ అంత దూరమూ తొక్కుకుంటూ రావాలి, అదీ ఆట ఆడిన తరువాత.