ఇరవై ఒకటి నుంచి చదువు

ఆ రోజు మారేడుమిల్లి సంత. ఒకటే వాన. సాయంత్రం తలుపు తీసేసరికి, మా బడిలో ఒకప్పుడు చదివిన అమ్మాయి గుమ్మంలో తడిసి నిలబడి ఉంది. ఎడమ కన్ను వాచిపోయింది. వెనకే వాళ్ళ పెద్దమ్మ.

"పాస్టరుగారి దగ్గరికి వెళ్ళొచ్చానక్కా. వాక్యం చదివి ఇంటికెళ్ళమన్నారు."

ఏ వాక్యమో అడగక్కర్లేదు. ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం, 22వ వచనం. భార్యలు భర్తలకు లోబడాలనేది. నా పెళ్ళిలోనూ అదే చదివారు. నేను తల వంచుకుని విన్నాను, మా ఆయన తలెత్తుకుని విన్నాడు.

టీ ఇచ్చి బైబిలు తీశాను. ఆ పిల్లకు చదవడం వచ్చు. కొండరెడ్ల ఇంటిభాష తెలుగే అయినా బైబిల్లోని గ్రాంథికం వాళ్ళది కాదు. ఆ మాటకొస్తే మైదానం నుంచి వచ్చిన నాదీ కాదు. 22 దగ్గర వేలు పెట్టింది. "ఒకటి పైకి వెళ్ళు, 21 నుంచి చదువు" అన్నాను.

అక్కడ ఉన్నది ఒకరికొకరు లోబడమని. అందరికీ చెప్పిన మాట. ఆమె మళ్ళీ చదివింది. "ఇది ఎప్పుడూ చదవరేం?"

పౌలు పేర రాసిన ఆ ఉత్తరంలో అంకెలు లేవు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల లెక్క 1551లో. అతి పాత గ్రీకు ప్రతుల్లో కొన్నింటిలో 22లో 'లోబడు' అనే క్రియే లేదు, పై వాక్యం నుంచి తెచ్చుకోవాలి. రెండూ అంత అతుక్కుని ఉన్న మాటలు. వాటి మధ్య కత్తి పెట్టి కింది ముక్క మాత్రం మన చేతికిచ్చారు.

ఇంకా కిందికి చదివించాను. భార్యలకు చెప్పింది మూడు వచనాల్లో అయిపోయింది. తర్వాతదంతా దాదాపు మగవాడికే. భార్యను సొంత ఒంటిలా చూసుకోవాలి, తన ఒంటిని ఎవడూ ద్వేషించుకోడు అని. ఆ పిల్ల కన్ను తడుముకుంది. ఏమీ అనలేదు.

నాకు కాస్త గర్వంగానే అనిపించింది, సందర్భం చూపించి గెలిచానని. ఆ పెద్దమ్మ ఊరుకోలేదు. "తర్వాతేముంది టీచరమ్మా?" తర్వాత పిల్లలకు. ఆరో అధ్యాయం 5లో దాసులకు, యజమానులకు విధేయులై ఉండమని.

"అయితే ముఠాదారుకి వెట్టి చెయ్యమనీ ఉందన్నమాట" అంది. వెట్టి కథలు ఆమె వాళ్ళ అమ్మ నోట విన్నది.

రోము ఏలుబడిలో ఇంటి యజమాని ఒక్కడే. భార్యకు భర్త, పిల్లలకు తండ్రి, దాసులకు దొర అతనే. ఆ మూడు జతలూ ఆ ఇంటివే. దాసుల మాట ఆ కాలానిదని వదిలేసినవాళ్ళు, పక్కనే ఉన్న భార్యల మాట అన్ని కాలాలకూ అని ఎలా తేల్చారు? తేల్చినవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరు?

సందర్భం ప్రతిసారీ మనల్ని కాపాడదు కూడా. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం 'అటువలె' అని మొదలై భార్యలతో మాట్లాడుతుంది. ఎటువలె? వెనక్కి వెళితే రెండో అధ్యాయం 18 దగ్గర, కఠినులైన యజమానులకు కూడా లోబడమని దాసులకు చెప్పిన మాట దొరుకుతుంది. అక్కడ సందర్భం గాయాన్ని ఇంకా లోతు చేస్తుంది. అది దాచి మంచి ముక్కలే చూపిస్తే నేనూ ఆ పాస్టరుగారి పనే చేసినట్టు. పండిత రమాబాయి హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును మరాఠీలోకి తనే అనువదించుకుంది. ఆమె 1922లో పోయింది. మన చేతిలోని ప్రతిని నమ్మి ఊరుకోవడం కంటే ఆ కష్టం నాకు నచ్చుతుంది.

"మా రోజుల్లో పొసగకపోతే పెద్దల ముందు ఓలి తిరిగిచ్చేసి వచ్చేసేవాళ్ళం" అంది పెద్దమ్మ. "మారుమనువు తప్పు కాదు. గుడికెళ్ళాక తప్పయింది." దానికి నా దగ్గర జవాబు లేదు. కొండెక్కి వాక్యం తెచ్చింది మా మైదానం వాళ్ళమే కదా.

2005 గృహహింస చట్టం గురించి చెప్పాను. రంపచోడవరం వెళ్దామన్నాను. వస్తానంది, ముందు ఆదివారం ఆరాధనకి వెళ్ళాలంది.

ఆ ఆదివారం పాస్టరుగారు కీర్తనల్లోంచి చెప్పారు. ఆమె ఆడవాళ్ళ వైపు చాపమీద మొదటి వరసలో కూర్చుంది. ఆయనకి కనబడేలా వాచిన కన్ను, ఒళ్ళో ఎఫెసీ పత్రిక తెరిచిన బైబిలు. సోమవారం మేమిద్దరం మొదటి బస్సెక్కాం.