రెండు శిలాతోరణాలు

కిందటి అక్టోబరులో నేనూ మా ఆవిడా అమెరికాలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళ్ళివచ్చాం. బొమ్మనహళ్ళిలో మిత్రులు "ఏమేం చూశారు?" అని అడిగితే "రాళ్ళు చూశాం" అన్నాను. బ్యాంకు సెలవంతా కూడబెట్టుకుని వెళ్ళి చూసింది రాళ్ళా అని అందరూ నవ్వారు.

అబ్బాయి ఉండే సాల్ట్ లేక్ సిటీ నుంచి కారులో సుమారు నాలుగు గంటలు వెళితే, యూటా ఎడారిలో ఆర్చెస్ నేషనల్ పార్కు వస్తుంది. అక్కడ ఎర్రటి ఇసుకరాయిలో ప్రకృతి తొలిచిన తోరణాలు రెండు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో పేరుమోసిన డెలికేట్ ఆర్చ్ బొమ్మ మావాడి కారు నంబరు ప్లేటు మీద కూడా ఉంది. దాన్ని చూడాలంటే రానూపోనూ అయిదు కిలోమీటర్లు నడవాలి. ఎక్కడా నీడ లేదు. సగం దారిలో నా మోకాలు మొరాయించింది. "వెనక్కి పోదాంరా, నీకు ఆలస్యమవుతుంది" అన్నాను.

"తొందరేం లేదు నాన్నా, కాసేపు కూర్చో. మెల్లగా వెళదాం" అన్నాడు.

ఆ మాటతో నా మనసు కలుక్కుమంది. 2004లో మా నాన్నగారిని తిరుమల తీసుకువెళ్ళాను. దర్శనం అయ్యాక ఆయన "ఇక్కడేదో శిలాతోరణం ఉందటరా, చూసి పోదాం" అన్నారు. మర్నాడు మా బ్రాంచిలో ఆడిట్. "బస్సుకు టైమయింది, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం" అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు. తరువాత ఎన్నిసార్లు కొండకు వెళ్ళినా నేను అటు అడుగు వెయ్యలేదు.

డెలికేట్ ఆర్చ్ చివరికి చూశాం. పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టి, రాతిని కొంచెం కొంచెంగా ఊడగొడితే మిగిలిన రూపం అది. మా లెక్కల్లో తరుగుదల అంటే నష్టం. అక్కడ ఆ తరుగుదలే అందం. అయితే అది ఆగదు. అదే పార్కులో వాల్ ఆర్చ్ అనే తోరణం 2008లో కూలిపోయింది.

తిరిగివచ్చాక జనవరిలో తిరుమల వెళ్ళాం. గుడికి సుమారు కిలోమీటరు దూరంలో, కంచె లోపల ఉంది శిలాతోరణం. వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. అమెరికా తోరణం ముందు చిన్నదే. కాని ఇది ఇసుకరాయి గట్టిపడి మారిన క్వార్ట్జైట్ శిల. వయసు 150 కోట్ల ఏళ్ళ పైమాటే అంటారు. భూగర్భ శాస్త్రజ్ఞులు 1980లలో దీన్ని గుర్తించారు.

అంతా చూసి రావడానికి మాకు పట్టింది ఒక గంట. నాన్నగారు అడిగింది ఆ గంటే.

మనవాళ్ళు ఏటా కొండకు వెళుతూనే ఉంటారు. ఈసారి ఇంట్లో పెద్దవాళ్ళు అటు వెళదామంటే బస్సు మాట ఎత్తకండి. దాని వెనక ఇంకో బస్సు ఉంటుంది.