అమ్మ నడవగలిగిన దూరంలో పక్షుల ఊరు

మాది గరివిడి. ఆ పేరు వినగానే విజయనగరం జిల్లా వాళ్లకి గుర్తొచ్చేది ఫెర్రో ఎల్లాయిస్ ఫ్యాక్టరీ, మాంగనీసు గనులు, వెటర్నరీ కాలేజీ. పండక్కి బంధువులొస్తే "ఇక్కడ చూడ్డానికి ఏముంది?" అని అడుగుతారు. మేం ఆలోచించి ఆలోచించి రామతీర్థం పేరు చెబుతాం.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వారంలో ఐదు రోజులు కుర్చీకి అతుక్కుపోతాను కాబట్టి సెలవొస్తే ఏదో ఒక అడవిలో నడవాలనిపిస్తుంది. కిందటేడాది అమ్మని, అక్కని, అక్క కూతురు బుజ్జిని వెంటేసుకుని విశాఖ పక్కనున్న కంబాలకొండకి వెళ్లాను. చాలా గొప్ప అడవి. దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. 1970లో అటవీ శాఖ చేతికి వచ్చేదాకా మా విజయనగరం రాజులదే. నగరం పక్కనే చిరుతలు తిరిగే అడవి ఉండడం ఎంత అదృష్టమో విశాఖ వాళ్లకి అంతగా పట్టినట్టు లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను అక్కడి చెట్లని చాపలా పరిచేసింది. అయినా అడవి మళ్లీ లేచింది.

అంతా బాగానే ఉంది గానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు. పావుగంట నడిచాక ఎత్తు మొదలవగానే "మీరెళ్లి రండర్రా, నానిక్కడ కూకుంటాను" అంది. మేం వెళ్లాం. తిరిగొచ్చేసరికి దాదాపు రెండు గంటలైంది. అమ్మ అక్కడే చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇంటికొచ్చాక ఫొటోలు చూస్తే ఒక్కదాంట్లోనూ అమ్మ లేదు. ఆ తర్వాత ఎక్కడికి రమ్మన్నా "నానెందుకురా మీకు అడ్డం" అనడం మొదలుపెట్టింది.

అందుకే ఈసారి లెక్క తిరగేశాను. ముందు ఊరు చూసుకుని తర్వాత అమ్మ సంగతి ఆలోచించడం మానేశాను. అమ్మ నడవగలిగేది ఎంత? మధ్యలో కూర్చుంటూ కిలోమీటరు, కిలోమీటరున్నర. చదునైన నేల ఉండాలి, నీడ ఉండాలి. ఐదేళ్ల బుజ్జికి కూడా అంతే కావాలి. ఈ కొలతలకి సరిగ్గా సరిపోయింది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరి తేలినీలాపురం.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ కూడా అయ్యాక బయల్దేరాం. గరివిడిలో పొద్దున్నే పలాస వైపు పాసింజరు ఎక్కితే నౌపడలో దిగొచ్చు. ఇప్పుడు దాన్ని మెమూ అంటున్నారు గానీ మా అమ్మకి అది పాసింజరే. చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస, తిలారు, కోటబొమ్మాళి... అమ్మ ప్రతి స్టేషన్‌కీ ఒక చుట్టం పేరు చెప్పింది. ఆమదాలవలస ముందు నాగావళి, అది దాటాక వంశధార. కారులో వెళ్తే ఇవేవీ ఉండవు. నౌపడలో ఆటో మాట్లాడుకున్నాం. కాస్త ముందుకెళ్తే ఉప్పు మళ్లు కనిపిస్తాయి.

"సైబీరియా నుంచి వొచ్చినాయి సార్, ఇమానం లాగ దిగుతాయి" అన్నాడు ఆటో అతను. ఊళ్లో అందరూ ఆ మాటే అంటారు. పేపర్లూ అదే రాస్తాయి. నిజానికి తేలినీలాపురంలో గూళ్లు కట్టేవి ముఖ్యంగా రెండు రకాలు. గూడబాతులు, అంటే పెలికాన్లు ఒకటి. పెయింటెడ్ స్టార్క్ అనే కొంగలు రెండోది. రెండూ సైబీరియావి కావు. ఈ రకం గూడబాతు గుడ్లు పెట్టేది ఇండియా, శ్రీలంక, కంబోడియా లాంటి చోట్లే. మిగతా కాలంలో చెరువులూ మడుగులూ తిరిగి, వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇక్కడికొస్తాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోగా మార్చి, ఏప్రిల్ కల్లా వెళ్లిపోతాయి. మన పక్షులే పురిటికి మన ఊరు వచ్చాయంటే తక్కువేం కాదు కదా! సైబీరియా అంటే తప్ప గొప్పగా ఉండదేమో మనకి.

ఊరి మొదట్లోనే వాసన తగులుతుంది. చేపలు, రెట్టలు కలిసిన వాసన. బుజ్జి ముక్కు మూసుకుంది. ఆ తర్వాత తలెత్తింది, ముక్కు సంగతి మర్చిపోయింది. ఇళ్ల మధ్యనే పెద్ద పెద్ద చింతచెట్లు. ఆకుల మీద సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది. ఒక్కో చెట్టు నిండా గూళ్లు, గూళ్లలో పిల్లలు. రెక్కలు చాస్తే రెండు మీటర్లు దాటే గూడబాతు అంత సన్నటి కొమ్మ మీద ఎలా ఆగుతుందో నాకర్థం కాలేదు. స్టార్కులది నారింజ రంగు తల, పొడుగాటి పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ ఈకలు. కాళ్లు సన్నగా ఉన్నా నిలబడే తీరు మాత్రం పెళ్లిలో మగపెళ్లివారిదే.

ఒక గూడబాతు వచ్చి వాలగానే పిల్ల దాని నోట్లోకి తల మొత్తం దూర్చేసింది. "మావయ్యా, పిల్లని మింగేస్తోంది!" అని బుజ్జి ఏడుపు లంకించుకుంది. ఆ గొంతుసంచిలో తల్లి తెచ్చిన చేపలుంటాయి, పిల్ల వాటిని అందుకుంటోందని చెప్పినా చాలాసేపు నమ్మలేదు.

ఇక్కడ నేను చేసిన వెధవ పని ఒకటి చెప్పాలి. పక్షులన్నీ ఒకేసారి లేచే వీడియో ఒకటి తీద్దామనిపించింది. బుజ్జికి ఫోనిచ్చి, గట్టిగా చప్పట్లు కొట్టాను. మొదటిసారికి ఏదీ కదల్లేదు. మూడోసారికి ఒక చెట్టు మీది స్టార్కులు లేచాయి. బ్రహ్మాండంగా ఉంది. పక్కింటి అరుగు మీంచి ఒక పెద్దావిడ దిగి వచ్చింది.

"ఏటి బాబూ, సదువుకున్నోడిలా ఉన్నావు. మీ ఇంట్లో బాలింత పడుకుంటే ఎవులైనా వొచ్చి తలుపులు బాదితే ఊరుకుంటావేటి?"

నేను నోరెత్తలేదు. ఆవిడ చెయ్యి చాపి చూపించింది. తల్లులు లేచిపోయిన గూళ్లలో పిల్లలు ఎండలో నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒక గూటి అంచు మీద అప్పుడే కాకి వచ్చి వాలింది. తల్లి రెక్కే ఆ పిల్లలకి గొడుగు, కాపలా రెండూ. కంగారులో అవి అటూ ఇటూ కదిలితే ఇంత ఎత్తు నుంచి కింద పడతాయి. స్టార్కులు మళ్లీ వాలడానికి రెండు మూడు నిమిషాలే పట్టి ఉంటుంది. నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. ఆ వీడియో అక్కడే చెరిపేశాను. బుజ్జి అడిగితే కారణం చెప్పడానికి తడుముకున్నాను.

అమ్మ వెనకాల నెమ్మదిగా వచ్చి, నా తరఫున ఆవిడకి ఏదో సర్దిచెప్పి, ఆ అరుగు మీదే కూలబడింది. పది నిమిషాల్లో ఇద్దరూ మోకాళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆవిడ అత్తగారు కాపరానికొచ్చేసరికే పక్షులున్నాయట. అవి రాని ఏడు ఊరికి మంచిది కాదని నమ్మకం. "రెట్టలు పడతాయి, కంపు కొడతాది, అయినా అవొస్తేనే ఊరు ఊరిలా ఉంటాది" అంది.

అటవీ శాఖ వాళ్లు ఒక వాచ్ టవర్, పక్షుల గురించి చెప్పే కేంద్రం కట్టారు. నేనూ బుజ్జీ అవి చూసొచ్చాం. అసలు కాపలా మాత్రం అరుగుల మీదే ఉంది.

అయితే అరుగు మీంచి కాపాడలేనివీ ఉన్నాయి. 2021 డిసెంబరు నుంచి కొన్ని వారాల్లో ఇక్కడ వందకు పైగా గూడబాతులు చచ్చిపోయాయి. చేపల ద్వారా వాటి కడుపులో చేరిన నులిపురుగులే కారణమని తేల్చారు. గూడు చింతచెట్టు మీదే అయినా అన్నం నౌపడ తంపరలోనూ చుట్టుపక్కల చెరువుల్లోనూ ఉంటుంది. ఆ తంపర పక్కనే కాకరాపల్లిలో థర్మల్ ప్లాంటు వద్దని జనం పోరాడితే 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలే పోయాయి. చెట్ల కింద ఫొటో దిగి వెళ్లిపోతే ఇదంతా కనిపించదు. నాకూ ముందు తెలీదు, వచ్చాక వెతికి చదివాను.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు ముక్కలు. డిసెంబరు, జనవరి మంచి కాలం. పొద్దున్నే వెళ్తే ఎండ బాధ ఉండదు, తల్లులు మేత తెచ్చేది చూడొచ్చు. పిల్లలకి టోపీ తప్పనిసరి. ఎందుకో అక్కడికెళ్లాక మీకే తెలుస్తుంది. బైనాక్యులర్ ఉంటే మంచిది, లేకపోయినా పక్షులు దగ్గరే. పెద్దవాళ్లకి మడత స్టూలు పట్టుకెళ్లండి. వానాకాలంలో అయితే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వెళ్లొచ్చు. అక్కడ నత్తగొట్టు కొంగలు ఇలాగే ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. మేమింకా వెళ్లలేదు.

మధ్యాహ్నం ఆవిడే అమ్మని చెయ్యి పట్టుకుని వీధి చివరి చెట్టు దాకా నడిపించింది. అక్కడ పిల్లలు ఇంకా చిన్నవట, అవి చూపిస్తానని. వాళ్లిద్దరూ ముందు, మేం వెనక. ఫోన్లో ఉన్న ఫొటోల్లో సగం ఆ ఇద్దరి వీపులవే.

సాయంత్రం బండిలో బుజ్జి నోరు బార్లా తెరిచి కూర్చుంది. అమ్మ అందులో ఒక్కొక్క అరిసె ముక్క వేస్తోంది. నేను వాచీలో అడుగులు చూశాను. అమ్మతో సమానంగా నడిచింది నేనే కాబట్టి అమ్మవీ దాదాపు అన్నే.

"అమ్మా, మూడు వేల అడుగులు పైనే నడిచావు."

"అంటే ఎక్కువా, తక్కువా?"

"నీకెలా అనిపించింది?"

అమ్మ కాసేపు కిటికీలోంచి చూసింది. "బండెక్కినప్పుడు గుర్తొచ్చాయిరా మోకాళ్లు. అప్పటిదాకా లేవు."