నీడకు నిషేధం లేదు

జుల్‌హజ్ 9న సూర్యోదయానంతరం మేము మినా నుండి అరఫాత్‌కు కాలినడకన బయలుదేరాము. దూరం సుమారు 14 కిలోమీటర్లు. ఇహ్రామ్‌లో పురుషులు తల కప్పరాదు గనుక గొడుగూ నిషిద్ధమేనని మాతోటి పెద్దలు కొందరు ఎండలోనే నడవసాగారు. నిజానికి తలను అంటని నీడకు అభ్యంతరం లేదు. వీడ్కోలు హజ్‌లో జమరతుల్ అఖబా వద్ద రాళ్లు రువ్వేవరకు హజ్రత్ బిలాల్, హజ్రత్ ఉసామా (రజి)లలో ఒకరు వస్త్రమెత్తి పట్టి దైవప్రవక్త (స)కు నీడ కల్పించారని సహీహ్ ముస్లింలో ఉంది. ఇది వినిపించాకే గొడుగులు విచ్చుకున్నాయి.

రామగుండం ఎండలెరిగిన మనకు ఇదొక లెక్కా అనేవారున్నారు. 2024 హజ్‌లో మక్కా ఉష్ణోగ్రత 51 డిగ్రీలు దాటింది; 1,301 మంది మరణించారు. వారిలో అత్యధికులు అనుమతి లేకుండా వచ్చి, నీడా విశ్రాంతీ లేక మండుటెండలో నడిచినవారే.

కుడి భుజం తెరచి ఉంచడం తవాఫ్‌కే పరిమితం. దారిలో రెండు భుజాలూ కప్పుకోవచ్చు. సన్‌స్క్రీన్ కూడా రాసుకోవచ్చు, పరిమళం లేనిదైతే.