ఊపిరితో మెదడుకు చేరేది

వాయుకాలుష్యం అనగానే ఊపిరితిత్తులే గుర్తుకు వస్తాయి గానీ, పీఎం 2.5 అని పిలిచే, అంటే 2.5 మైక్రాన్లకు మించని వ్యాసం గల ధూళికణాలలో అతిసూక్ష్మమైనవి, వాసనను మెదడుకు అందించే ఘ్రాణనాడి వెంబడి నేరుగా లోపలికి చేరగలవని పరిశోధకులు భావిస్తున్నారు. మెక్సికో సిటీ, మాంచెస్టర్ నగరాలలో మరణించినవారి మెదడు కణజాలంలో, ఇంధనం తీవ్రమైన వేడికి మండినప్పుడు ఏర్పడే తరహా గుండ్రని మాగ్నెటైట్ రేణువులను, అనగా అయస్కాంత గుణం గల ఇనుప ఆక్సైడ్ రేణువులను, 2016లో శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఇటువంటి కణాల వలన కలిగే శోథ, అంటే శరీరం తన్ను తాను కాపాడుకొనే ప్రయత్నంలో పుట్టే వాపు, దీర్ఘకాలం కొనసాగితే మనఃస్థితిని నియంత్రించే నాడీరసాయనాల సమతుల్యత దెబ్బతినవచ్చు. కలుషిత ప్రాంతాలలో కుంగుబాటు అధికంగా కనిపించడానికి ఇదొక కారణం కావచ్చు, అయితే పేదరికం, వాహనాల రొద, ఇరుకు నివాసాలు కూడా తరచు అక్కడే ఉంటాయి కనుక దేని పాలు ఎంతో విడదీయడం సులభం కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 కణాల వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటరాదని సూచించింది. భారతదేశ ప్రమాణం 40. ఢిల్లీ శీతాకాలంలో బడులు మూతపడి, ఆటకు దూరమై, తలుపులు బిగించిన గదులలో గడిపే పిల్లల దిగులును ఏ గాలినాణ్యత సూచీ కూడా లెక్కించకపోవడం నిజంగా బాధాకరం.