నొప్పి ఒకచోట, కారణం మరొకచోట

రాయపూర్ నుండి భిలాయి వైపు సాగే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద, నగరపు పడమటి కొసన టాటీబంధ్ ఉన్నది. 2012లో అక్కడ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ వెలసింది. అదే బాటన ఇంకా ముందుకు పోతే రాజ్‌నంద్‌గావ్ వస్తుంది. 2022 ప్రపంచ జూనియర్ పోటీలలో బరువులెత్తి రజత పతకం గెలుచుకున్న జ్ఞానేశ్వరీ యాదవ్ ఆ ఊరి పిల్లే. ఆ ప్రాంతపు వ్యాయామశాలలో సాధన చేసే కుర్రవాడొకడు నడుము నొప్పితో, గజ్జలో పోటుతో టాటీబంధ్ చేరాడనుకుందాం. అతడు ఏ తలుపు తట్టాలి? ఎముకల వైద్యునిదా, శస్త్రవైద్యునిదా, మూత్రవ్యాధుల నిపుణునిదా?

అసలు అంతదూరం రావడమే అరుదు. నడుము పట్టిందని నలుగురిలో చెప్పుకునే యువకుడు గజ్జ సంగతి మాత్రం నోరు విప్పి చెప్పడు. చెప్పినా, తోటివారు వెంటనే హెర్నియా అని తీర్పు ఇచ్చేస్తారు. ఊపిరి బిగబట్టి బరువెత్తేటప్పుడు పొట్టలో ఒత్తిడి పెరుగుతుంది గనుక ఆ అనుమానం నిరాధారం కాదు. దగ్గినప్పుడు గజ్జలో ఉబ్బు కనబడితే అది బలపడుతుంది కూడా. కాని తుంటి కీలు చెడినా నొప్పి తరచు గజ్జలోనే తెలుస్తుంది. నడుము పూసల వద్ద పుట్టి, గజ్జ మీదుగా తొడ ఎముకకు చేరే కండరం ఒకటున్నది. అది బిగిస్తే రెండుచోట్లా బాధే. పై నడుము నరాలు ఒత్తుకున్నా, మూత్రనాళంలో రాయి దిగుతున్నా పోటు గజ్జలోకి పాకగలదు. వైద్యులు సైతం ఒకే బాధకు పలు పేర్లు పెడుతూ వచ్చినందున, 2014లో 14 దేశాల నిపుణులు 24 మంది దోహాలో సమావేశమై క్రీడాకారుల గజ్జనొప్పికి ఉమ్మడి వర్గీకరణను నిర్ణయించారు. దానికి ఆధారం ముఖ్యంగా రోగి చెప్పే కథ, చేతితో తాకి చేసే పరీక్ష.

చిత్రాలు తీస్తే తేలిపోదా? 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీస్తే, డిస్కులన్నీ సవ్యంగా ఉన్నవారు 36 శాతమే! ఉబ్బిన డిస్కు కనబడినంత మాత్రాన దోషి దొరికినట్లు కాదు.

మీరాబాయి చాను అనుభవం ఇందుకు తార్కాణం. 2018 ఏప్రిల్‌లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన కొద్ది వారాలకే ఆమెను నడుము నొప్పి పట్టుకుంది. కారణం చాలాకాలం తేలలేదు. ఆ ఏటి ఆసియా క్రీడలు చేజారాయి. 2020లో ఆమె అమెరికా వెళ్లి, స్వయంగా బరువులెత్తే ఫిజియోథెరపిస్టు ఆరన్ హోర్షిగ్‌ను ఆశ్రయించింది. అక్కడ నడుముతో పాటు భుజంలోని అసమతౌల్యాన్ని కూడా సరిదిద్దుకుంది. మరుసటి ఏడు టోక్యోలో 202 కిలోలెత్తి రజతం పొందింది. నొప్పి పుట్టించే ఎత్తు ఏది, ఎత్తులో ఏ క్షణం, ఏ వైపు అన్న ప్రశ్నలు అడగడానికి యంత్రం అక్కరలేదు, ఓపిక కావాలి.

అయితే ఆ ఓపిక పనికిరాని సందర్భం ఒకటున్నది. నడుము నొప్పితో పాటు మూత్రం బిగదీసినా, జీను మీద కూర్చున్నప్పుడు ఆనే భాగమంతా తిమ్మిరెక్కినా, కాళ్లు పట్టు తప్పినా వెన్ను చివరి నరాలు నలుగుతున్నాయేమోనని శంకించాలి. అప్పుడు తెల్లవారేదాకా ఆగరాదు, ఆ రాత్రే అత్యవసర విభాగానికి చేరాలి.